ఎడమకాలికి సెలవు

మా ఇంటికి కొత్త కారొచ్చి ఎనిమిది నెలలైంది. దానికి క్లచ్ లేదు. కింద ఉన్నవి రెండే పెడల్స్. ఒకటి నడవడానికి, ఒకటి ఆగడానికి. రెండూ కుడికాలివే. "ఎడమకాలితో పనే లేదు మేడమ్. దాన్ని అలా పక్కన పెట్టుకుని హాయిగా కూర్చోండి, అంతే!" అన్నాడు బండి అప్పజెప్పిన కుర్రాడు.

అంతేనట! ఇరవైయేళ్ళుగా రోజుకి కొన్ని వందలసార్లు నొక్కుతూ, వదులుతూ వచ్చిన కాలిని పట్టుకుని, ఇక నీతో పనిలేదు, హాయిగా కూర్చో అంటే అది కూర్చుంటుందా? ఆ కుర్రాడికి పాతికేళ్ళుండవు. అతని కాళ్ళింకా దేనికీ అలవాటుపడి ఉండవు.

మీలో కారు నడిపేవాళ్ళు నవ్వుకుంటారేమో. నడపనివాళ్ళు ఇదేం గొడవమ్మా అనుకుంటారేమో. కాస్త ఓపిక పట్టండి. కారు దగ్గర మొదలైన ఈ గొడవ నన్ను మా అమ్మ గదిదాకా లాక్కుపోయింది.

నేను డ్రైవింగు నేర్చుకున్నది 2004లో. మా అమ్మాయి అప్పటికి నెలల పిల్ల. మావారు ఎవరిదగ్గరో పాత మారుతి 800 కొన్నారు. మా కాలనీ వెనక ఖాళీస్థలంలో నాకు పాఠం చెప్పిన పెద్దాయన గంటసేపూ ఒకే మంత్రం జపించేవాడు: "క్లచ్చమ్మా, క్లచ్చు!"

క్లచ్ నొక్కడం ఎవరికైనా వస్తుంది. వదలడంలోనే ఉంది విద్యంతా. ఒక్కసారిగా వదిలేస్తే బండి ఒక గెంతు గెంతి గుటుక్కున ఆగిపోతుంది. బెదిరిపోయి అలాగే నొక్కిపట్టుకు కూర్చుంటే ఇంజను అరుస్తుందేగానీ చక్రం కదలదు. ఈ రెంటికీ నడుమ వెంట్రుకవాసి చోటొకటి ఉంది. అక్కడికి వచ్చేసరికి బండి సన్నగా వణుకుతుంది, పడుకున్న ఆవు లేవబోయేముందు ఒళ్ళు జలదరించుకున్నట్టు. ఆ వణుకు అరికాలికి తెలియాలి. తెలిసిందా, ఎంత ఎత్తయినా ఎక్కించవచ్చు. తెలియలేదా, వెనకాల పది హారన్లు. హాఫ్ క్లచ్ అంటారు దాన్ని. నాకు పట్టుబడడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలో నేనేడ్చిన ఏడుపులు వేరే కథ.

పట్టుబడ్డాక మాత్రం ఆ సంగతే మరిచిపోయాను. అమీర్‌పేట నుంచి పంజగుట్ట దాకా బండ్లు చీమల బారులా పాకే సాయంకాలాల్లో నేను కథలల్లుకుంటూ ఉండేదాన్ని, కాలు దాని పని అది చేసుకుపోయేది. నా రెండో నవలకి ముగింపు అలాంటి ఓ సాయంత్రమే తట్టింది. ఆ నవలమీద నా పేరే వేసుకున్నాను గానీ, న్యాయంగా ఎడమకాలికి కూడా కాస్త వాటా రావాలి.

నిరుడు అదే కాలి మోకాలు మొరాయించింది. డాక్టరుగారు మెట్లెక్కడం తగ్గించమన్నారు, బరువు తగ్గమన్నారు. ఆ రెండూ ఈవిడవల్ల అయ్యేవి కావని గ్రహించారో ఏమో, పోనీ క్లచ్ తొక్కడమైనా తగ్గించమన్నారు. "ఆటోమేటిక్ కొనుక్కోమ్మా" అంది మా అమ్మాయి.

మొదటిరోజు నా పక్కన కూర్చున్నదీ అదే. చిన్నప్పుడు సైకిలు మీద నేను దాన్ని పట్టుకు పరిగెత్తినట్టే, ఇప్పుడు నన్నది పట్టుకుంది. "బ్రేకు మీద కాలుంచు. గేరు డీలో వెయ్యి. ఇప్పుడు బ్రేకు మెల్లిగా వదులు." వదిలాను. యాక్సిలరేటరు తాకనైనా లేదు, బండి దానంతటదే ముందుకు పాకింది! నాకు గుండె గుభేలుమంది. పాతబండి గేరులో పెట్టినా క్లచ్ వదిలితేగానీ అడుగు కదిపేది కాదు. ఇందులో ఊరుకోవడమంటే వెళ్ళమని చెప్పడమే. ఆగాలంటేనే ఏదో ఒకటి చెయ్యాలి. దీనిమీద ఒక రాత్రంతా ఆలోచించవచ్చు గానీ, ఆ క్షణాన ఎదురుగా మా గేటు మీదికొచ్చేస్తోంది.

గబుక్కున రెండుకాళ్ళూ లేచాయి. కుడికాలు బ్రేకు మీదికెళ్ళింది. ఎడమకాలు క్లచ్ ఉండేచోటికెళ్ళింది. ఆ చోట క్లచ్ లేదు, వెడల్పాటి బ్రేకు పెడల్ అంచు ఉంది. దాన్ని కసిగా నేలకి తొక్కేసింది. బండి నిలువునా ఆగిపోయింది. నా కళ్ళజోడు ఎగిరి ఒళ్ళో పడింది.

ఎందుకలా జరిగిందో తరవాత కూర్చుని ఆలోచిస్తే ఓ తమాషా సంగతి తెలిసింది. కుడికాలికి నొక్కడంలో నెమ్మది తెలుసు. బ్రేకయినా, యాక్సిలరేటరయినా కొంచెం కొంచెంగా నొక్కడమే దాని చదువు. ఎడమకాలికి అలా కాదు. నొక్కేటప్పుడు ఒక్క తోపున చివరిదాకా తొక్కెయ్యాలి, వదిలేటప్పుడే నెమ్మది. దాని నేర్పంతా వదలడంలో ఉంది. అంచేత అది బ్రేకు మీద పడితే క్లచ్‌ని తొక్కినట్టే తొక్కుతుంది. నిజానికి అది తన పని తను ఎప్పటిలాగే శ్రద్ధగా చేసింది. కింద మనిషి మారాడని దానికి తెలియదు.

మా అమ్మాయి ఉపాయం చెప్పింది. ఎడమపక్కన, పెడల్స్‌కి దూరంగా, పాదం ఆనించుకోవడానికి చిన్న పీటలాంటిదుంది, ఎడమకాలిని దానిమీద పెట్టి కదపొద్దంది. దాని పేరు డెడ్ పెడల్ అట. అంటే చచ్చిన పెడల్. ఎంత తొక్కినా ఏమీ జరగదు. పేరు పెట్టినవాడు ఎవడోగానీ, వాళ్ళింట్లో పనిచేసి పనిచేసి ఊరుకున్న పెద్దవాళ్ళెవరో ఉండే ఉంటారు.

మావారు మాత్రం రెండోరోజుకే అలవాటుపడిపోయారు. ఏ తడబాటూ లేదు. స్టీరింగు మీద రెండువేళ్ళుంచి, పాట వింటూ నడిపేస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదెలా సాధ్యమా అని వారంరోజులు తలబద్దలు కొట్టుకున్నాక, ఒకరాత్రి పాలు తోడుపెడుతూ ఉండగా జవాబు తట్టింది. ఈయనకి ఇల్లెప్పుడూ ఆటోమేటిక్కే! పొద్దున్నే కాఫీ వస్తుంది, చొక్కా ఇస్త్రీ అయివుంటుంది, గ్యాసు సిలిండరు అయిపోకముందే ఇంకోటి వస్తుంది. పండక్కి పిండివంటలుంటాయి, పిల్లకి ఫీజు కట్టి ఉంటుంది. ఏ గేరు ఎప్పుడు మార్చారో, ఎవరు మార్చారో ఆయనకేం తెలుసు? డీలో వేసుకుని కూర్చోవడం ఆయనకి కొత్తేమిటి? ఈ మాట ఆయనతో అంటే నవ్వేసి, "మరి క్లచ్ ఎక్కడుందోయ్?" అన్నారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ ప్రశ్న మంచిదే.

క్లచ్ ఎక్కడికీ పోలేదు. మా కారులాంటి చిన్నకార్లలో గేర్లూ అవే, క్లచ్ కూడా మామూలుదే. దాన్ని నొక్కి వదిలే పనిని మాత్రం ఒక చిన్న యంత్రానికి అప్పగించారు. ఎప్పుడు నొక్కాలో ఒక కంప్యూటరు చెబుతుంది, నూనె ఒత్తిడితో ఇది నొక్కుతుంది. గేరు మారేటప్పుడు బండి కొంచెం తలూపినట్టవుతుంది చూడండి, అది ఆ యంత్రం క్లచ్ నొక్కి గేరు మారుస్తున్న క్షణమే. అమెరికాలో 1940 మోడల్ ఓల్డ్స్‌మొబీల్ కార్లతోనే ఆటోమేటిక్ గేర్లు జనంలోకి వచ్చాయట గానీ, వాటి ఏర్పాటు వేరు. మనదేశంలో మధ్యతరగతి ఇళ్ళకి అందినది ఈ చవక ఉపాయమే. మనందరికీ డ్రైవింగు నేర్పిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. సరిగ్గా మరుసటినెలలో అదే కంపెనీ సెలేరియో అని, క్లచ్ పెడల్ లేని చిన్నకారును బజార్లోకి తెచ్చింది. ఒకరు వెళుతూ తాళాలు అప్పజెప్పి వెళ్ళినట్టు.

కనక పని మాయమైపోలేదు. కంటికి కనిపించకుండా పోయింది, అంతే. మావారి ఇల్లు కూడా అలాంటిదే కదా! లోపల క్లచ్ నొక్కుతున్నది నేను. నేను కాకపోతే మా వంటావిడ రమణమ్మ. ఆవిడ ఇంట్లో ఆవిడకి మళ్ళీ ఎవరూ లేరు, అన్ని పెడల్సూ ఆవిడే తొక్కుకోవాలి.

అలవాటంటే గుర్తొచ్చింది. విలియం జేమ్స్ అనే అమెరికా పండితుడు 1890లో అచ్చయిన తన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో అలవాటు గురించి ఒక అధ్యాయమే రాశాడు. అందులో హక్స్‌లీ చెప్పిన ఓ కథ ఎత్తి చెప్పాడు. సైన్యంలోంచి రిటైరై వచ్చిన ఒకాయన చేతుల్లో భోజనం పట్టుకుని ఇంటికెళుతున్నాడు. ఎవడో కొంటెవాడు వెనకనుంచి, సైన్యంలో ఆజ్ఞ ఇచ్చినట్టు, నిటారుగా నిలబడమని కేకేశాడు. అంతే, ఆయన చేతులు రెండూ ఠక్కున పక్కలకి దిగిపోయాయి. మాంసం, బంగాళాదుంపలు మురుగుకాలవలో పడ్డాయి. బి.ఏ.లో మా లెక్చరరుగారు ఈ కథ చెబితే క్లాసంతా పకపకా నవ్వాం. ఇప్పుడు ఆ సిపాయిని తలుచుకుంటే నవ్వు రావడంలేదు. ఆ పూట ఆయన ఏం తిన్నాడో!

మా ఇంట్లో కాలవలో పడింది పులిహోర.

ఆ ఆదివారం అమ్మని మా పిన్ని ఇంటికి తీసుకెళుతున్నాను. అమ్మ ముందుసీట్లో, బెల్టు పెట్టుకుని, ఒళ్ళో స్టీలుడబ్బాతో కూర్చుంది. ఆ పులిహోర అమ్మే కలిపింది. ఎలా కలిపిందో తరవాత చెబుతాను. దారిలో ఓ స్పీడుబ్రేకరు వచ్చింది. అమ్మతో కబుర్లలో పడి నా ఎడమకాలు దాని పీటమీంచి ఎప్పుడు దిగిందో నాకే తెలియదు. రెండో గేరులోకి దించుదామనుకుంది కాబోలు, లేచి తొక్కింది. బండి నిలువునా ఆగింది. డబ్బా ఎగిరి డాష్‌బోర్డుకి కొట్టుకుని మూత ఊడిపోయింది. అమ్మ చీరమీద, సీట్లసందుల్లో, గేరు చుట్టూ పచ్చటి మెతుకులు, కరివేపాకు, వేరుశెనగపప్పులు. వెనక స్కూటరు మీదొస్తున్న అబ్బాయి మా బంపరుకి జానెడు దూరంలో ఆపుకున్నాడు. హెల్మెట్ తీసి వాడన్న మాటలు ఇక్కడ రాయను. ఒక్కటీ అబద్ధం కాదు.

బండి పక్కకి తీసి ఆపాను. చేతులు వణుకుతున్నాయి. వెనక వచ్చేది స్కూటరు కాకుండా లారీ అయితే? "ఈ దిక్కుమాలిన కాలు..." అంటూ నా మోకాలిమీద నేనే ఒకటిచ్చుకున్నాను.

అమ్మ చీరమీది మెతుకులు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేసుకుంటోంది. తలెత్తకుండానే అంది: "దాన్నెందుకే కొడతావు? ఇన్నాళ్ళూ తొక్కమని, ఇప్పుడు వద్దంటే దానికేం తెలుస్తుంది? ఎక్కడికి పోతుంది అది?"

ఆ చివరిమాట కాలి గురించి కాదని నాకు వెంటనే తెలియలేదు.

నాన్నగారు పోయాక, అమ్మ తెనాలిలో ఇల్లు అమ్మేసి మా దగ్గరికి వచ్చింది. మూడేళ్ళయింది. డెబ్భైనాలుగేళ్ళ మనిషి. యాభైయేళ్ళు ఒకే వంటింట్లో నిలబడింది. నేను దేవుడికి మొక్కుకున్నంత శ్రద్ధగా ఏర్పాట్లు చేశాను. గదిలో ఏసీ, టీవీ. వంటకి రమణమ్మ, బట్టలకి మెషీను. "నువ్విక దేనికీ లేవొద్దమ్మా, హాయిగా కూర్చో" అన్నాను. చూశారా, ఆ కుర్రాడి మాటే! "హాయిగా" అన్న ముక్క కూడా అదే.

అమ్మ సామానులో ఒక పాత చేట వచ్చింది. మెంతులూ, నానిన కాగితమూ కలిపి రుబ్బి, అలికి, ఎండబెట్టిన చేట. అంచులు విరిగిపోయి, ఓ మూల కన్నం పడింది. ఇప్పుడు సంచీల్లో వచ్చే సన్నబియ్యంలో రాయంటూ ఉంటే కదా, ఈ చేటెందుకని పాతసామాను వాడికి ఇచ్చేశాను. అడగను కూడా అడగలేదు. అడగాలని తోచలేదు.

అమ్మ ఏమీ అనలేదు. కానీ ఒకసారి రాత్రి పదకొండింటికి మంచినీళ్ళకని వంటింట్లోకి వెళితే, స్టూలుమీద కూర్చుని స్టీలుపళ్ళెంలో బియ్యం పోసుకుని వేలితో అటూ ఇటూ జరుపుతోంది. "ఏం చేస్తున్నావమ్మా?" అంటే ఉలిక్కిపడి, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు, "రాళ్ళేమన్నా ఉన్నాయేమోనని..." అంది. "రాళ్ళుండవమ్మా ఇప్పుడు" అన్నాను. "అవునే, లేవు. నేనూ చూశాను" అంది. నేను విసుక్కున్నాను. పడుకోమన్నాను. ఇంకోసారి రమణమ్మ పోపు పెడుతుంటే వెనకనుంచి వచ్చి స్టవ్ తగ్గించిందట. రమణమ్మ అలిగి రెండురోజులు రాలేదు. "నువ్వెందుకమ్మా మధ్యలో?" అని అమ్మనే కసిరాను. అమ్మ ఎడమకాలు బ్రేకు తొక్కుతోందని నాకప్పుడు తెలిస్తే కదా! ఆ పులిహోర కూడా రమణమ్మ సెలవుపెట్టిన రోజు కాబట్టి, నేను పడుకునివుండగా లేచి, చప్పుడు చెయ్యకుండా కలిపింది.

అమ్మకి మా ఇంట్లో ఒక్కపని మాత్రం మిగిలి ఉండేది, అది ఎవరూ ఇచ్చింది కాదు. మా సందు మొదట్లో ఎత్తు ఉంది. అక్కడ మూడోగేరులోంచి రెండులోకి దించితేగానీ పాతబండి ఎక్కేది కాదు. ఆ దించడం నాది నాకే ఓ పద్ధతి, కొంచెం ఆలస్యంగా, ఇంజను ఒకసారి మూలిగాక దించుతాను. మావారు ముందే దించేస్తారు. అమ్మ గదిలోంచే ఆ చప్పుడు విని, "అమ్మాయి వచ్చింది" అని లేచి వచ్చి గేటు తీసి నిలబడేది. ఒక్కసారి కూడా పొరబడలేదు. మహాభారతంలో బాహుకుడి వేషంలో ఉన్న నలుడు విదర్భకి రథం తోలుకొస్తూంటే, దమయంతి మేడలోంచి రథఘోష విని, ఇది నలుడు తోలే రథమేనని పోల్చుకుందే, అలాగన్నమాట. కొత్తకారు వచ్చాక ఆ గేటుపని కూడా పోయింది. ఈ బండి ఎవరు నడిపినా ఒకేలా సందెక్కుతుంది. నేను హారన్ కొడతాను, లేకపోతే నేనే దిగి గేటు తీసుకుంటాను. అమ్మ గదిలో టీవీ నడుస్తూనే ఉంటుంది.

ఆ పులిహోర రోజు రాత్రి నాకు నిద్రపట్టలేదు. క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తే బండి ఆగిపోతుందని ఇరవైయేళ్ళు నా కాలికి తెలుసు. యాభైయేళ్ళుగా నడుస్తున్న మనిషి చేతిలోంచి పనంతా ఒక్కరోజులో వదిలించేశాను. ఆగిపోదూ మరి! ప్రేమతోనే చేశాననుకోండి. ప్రేమతో చేస్తే మాత్రం, ఇంకొకరి చేతిలోని పని తీసేసుకునే హక్కు మనకుందా?

ఇంతవరకూ చదివి మీరు, "ఆహా, కష్టపడటమే సుఖం, యంత్రాలు మనిషిని చెడగొట్టాయి" అని ఈవిడ రోలూ రోకలీ పాట ఎత్తుకుంటుందనుకుంటున్నారేమో. ఆ పాట నాకు చేతకాదు. రోటిపచ్చడి రుచి గురించి గంటలకొద్దీ మాట్లాడే పెద్దమనుషుల్లో ఒక్కరోజయినా రోకలి పట్టినవాళ్ళెందరు? మా అమ్మ ఉమ్మడికుటుంబంలో పదకొండుమందికి ఇడ్లీపిండి పొత్రంతో రుబ్బింది. గ్రైండరు కొన్నరోజు దానికి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. దాన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది, సంతోషంతోనే. ఆ రోలు పెరట్లో వానలో నానుతూ ఉండేది, అమ్మ దానివైపు తిరిగి చూసిన గుర్తు నాకు లేదు. కార్ల సంగతీ అంతే. పూర్వం కారు స్టార్టు చెయ్యాలంటే ముందు హ్యాండిలు పెట్టి బలంగా తిప్పాలి. అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. 1912లో కాడిలాక్ కార్లకి కరెంటుతో స్టార్టయ్యే ఏర్పాటు వచ్చింది, ఆ తరవాతే ఆడవాళ్ళు ఎవరి సాయమూ లేకుండా బండి తీయడం తేలికైంది. ఆ హ్యాండిలు తిప్పడంలో ఏదో పరమార్థం ఉందని అప్పట్లో కూడా ఎవరో మగవాళ్ళు అనేవుంటారు. నా మోకాలు ఇప్పుడు రాత్రిళ్ళు నొప్పెట్టడంలేదు. పాతబండి మళ్ళీ తెచ్చిస్తామంటే దండం పెడతాను.

పని మానడంకంటే చెయ్యడమే మేలని గీతలో చెప్పినాయన స్వయంగా డ్రైవరే. అయితే ఆయన కూడా గుర్రాలకి బదులు తానే రథం లాగమనలేదు.

మరి అమ్మకి పోయిందేమిటి? రుబ్బడం పోయినందుకు బాధలేనిదానికి, రాళ్ళేరడం పోయినందుకు బాధెందుకు? ఈ ముడి నాకు చాలారోజులు విడలేదు. విడింది శ్రీశైలంలో.

కార్తీకమాసం వెళ్ళాక జనం తగ్గుతారని, ముగ్గురం బయల్దేరాం. మావారికి నడుంనొప్పి, వెనకసీట్లో పడుకున్నారు. అమ్మ నా పక్కన. హైదరాబాదు వైపునుంచి వెళితే అడవి దాటాక, డ్యాము దగ్గరికి దిగే ఘాటు ఉంది. మలుపు మీద మలుపు. డీలో పెట్టి దిగుతూంటే బండి పల్లంలో జోరందుకుంటోంది, నేను బ్రేకు మీద బ్రేకు వేస్తున్నాను. అలా వేస్తూపోతే బ్రేకులు వేడెక్కిపోతాయి. అప్పుడు మా అమ్మాయి చెప్పింది గుర్తొచ్చింది. గేరుకర్ర పక్కకి లాగితే ఎమ్ అని ఒకటుంది. మాన్యువల్. అందులో పెడితే, ఏ గేరులో ఉండాలో మనం చెప్పవచ్చు. కర్ర ఇటంటే పైగేరు, అటంటే కిందిగేరు. క్లచ్ మాత్రం యంత్రమే చూసుకుంటుంది. మనం మరీ తిక్కగా చెబితే వినదు కూడా.

పక్కకి లాగి, రెండులోకి దించాను. నా అలవాటు ప్రకారం కొంచెం ఆలస్యంగానే. ఇంజను ఒకసారి మూలిగి బండిని పట్టి ఆపింది. జోరు తగ్గి, నెమ్మదిగా, బరువుగా దిగసాగింది. ఎడమకాలు దాని పీటమీద అది కూర్చునే ఉంది. మోకాలికి ఏ కష్టమూ లేదు. అయినా ఎన్నాళ్ళకో బండి నా చేతిలోకి వచ్చినట్టనిపించింది.

కిటికీలోంచి లోయకేసి చూస్తున్న అమ్మ చటుక్కున నావైపు తిరిగింది.

"ఇదుగో, ఇది నీ చప్పుడు!" అంది.

నేనేం మాట్లాడలేకపోయాను. మలుపులు కదా.

కాళ్ళ కష్టాన్ని తీసెయ్యవచ్చు, తీసెయ్యాలి కూడా. ఎప్పుడు దించాలి, ఎప్పుడు ఎక్కించాలి అన్న మాట మాత్రం నాది. నేను అమ్మ చేతిలోంచి రోకలితో పాటు ఆ మాటను కూడా లాగేసుకున్నాను. చేట పారేసినందుకు కాదు, పారెయ్యనా అని అడగనందుకు. ఆ రెండూ వేరువేరని నాకు తోచనే లేదు. స్టవ్ తగ్గించినప్పుడు అమ్మ పోపు పెడతాననలేదు, మాడుతోందని చెప్పింది, అంతే. ఆ ఇంట్లో యాభైయేళ్ళు అమ్మ చేసింది వంట అనుకున్నాను నేను. ఎంతమందికి, ఏది, ఎప్పుడు, ఎంత ఉప్పుతో అని రోజుకి ఇరవైసార్లు తేల్చడం ఎవరి లెక్కలోకీ రాలేదు, నా లెక్కలోకి కూడా. ఆడవాళ్ళ పని గురించి నాలుగు నవలలు రాసినదాన్ని!

తిరిగివచ్చిన మర్నాడు రమణమ్మ వచ్చి ఎప్పటిలా, "కూరేం చెయ్యమంటారమ్మా?" అని నన్నడిగింది.

"మా అమ్మని అడుగు" అన్నాను.

రమణమ్మ మొహం ముడుచుకుంది. తనకిది నచ్చలేదని తెలుస్తూనే ఉంది. ఈ ఇంట్లో ఆమె మాటకీ ఓ చోటుంది మరి, దానికి నేనింకా దారి చూడలేదు. అమ్మ గదిలోకి వెళ్ళి అడిగింది. టీవీ చప్పుడు ఆగింది. చాలాసేపు ఏమీ వినబడలేదు. వద్దనేస్తుందేమో, ఇప్పుడు నాకెందుకమ్మా అంటుందేమోనని నాకు భయం వేసింది. మూడేళ్ళు ఆగిన బండి ఒక్క తాళానికి స్టార్టవుతుందని ఎవరు చెప్పగలరు?

తరవాత చెప్పుల చప్పుడు. అమ్మ వంటింట్లోకి వచ్చి, ఫ్రిజ్ తలుపు తీసి, వంగి చూసింది. ఒక బీరకాయ బయటికి తీసి గోటితో గిచ్చింది. ఇంకోటి తీసి గిచ్చింది.

"ఈ ముదిరిపోయిన కాయలెవరు కొన్నారే?" అంది.

నేనే కొన్నాను.